పిచ్చుక పేరు మీద పందెం

మైదానంలో ఆడపిల్లలకు రెండే మరుగుదొడ్లు. ఆ రోజు రెండింటికీ తాళాలు వేశారు. పెద్దమనుషులు వస్తున్నారు, వాళ్ళు వచ్చేసరికి శుభ్రంగా ఉండాలట.

పొద్దున ఎనిమిదికి మొదలుకావాల్సిన పందెం పదకొండైనా మొదలుకాలేదు. బహుమతులిచ్చే కంపెనీ దొర ఇంకా కారు దిగలేదు. ఆయన దిగేదాకా పిల్లలు వరస చెదరకూడదని శిక్షణ కేంద్రం నడిపే కాంట్రాక్టరు ఆర్డరు. నెత్తిన ఎండ, కాళ్ళ కింద సెగలు కక్కే ట్రాకు. వరసలో ఉన్న పిచ్చుక అనే పిల్ల రెండుసార్లు చెయ్యెత్తింది.

"సార్, ఒక్కసారి బయటికెళ్ళొస్తాను."

"పందెం అయ్యాక వెళ్దువుగానీ, నిలబడు" అన్నాడు కోచ్, ఆ పిల్ల మొహంలోకి చూడకుండా.

గుండక్క ఇదంతా కొంచెం అవతల నిలబడి చూసింది. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా లేదు. ఇనపగుండు విసురుతుంది కాబట్టి గుండక్క. పందొమ్మిదేళ్ళు, హాస్టల్లో అందరికన్నా పెద్దది. తండ్రి గోదాముల్లో హమాలీ. బస్తాలు మోసిన ఆ భుజాలే కూతురికీ వచ్చాయి. పిచ్చుకది పక్క మంచం. పదహారేళ్ళ పిల్ల, ఊదితే ఎగిరిపోయేలా ఉంటుంది, ఐదువేల మీటర్లు పరిగెత్తుతుంది. వాళ్ళమ్మ పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది.

చివరికి దొర దిగాడు, పందెం మొదలైంది. ఆఖరి చుట్టులో అవతలి శిక్షణ కేంద్రం అమ్మాయి, అందరూ పొడుగుకాళ్ళ పిల్ల అంటారు, ముందుంది. గీత ఇంకా నాలుగడుగులు ఉందనగా పిచ్చుక ఆమెను దాటేసింది. గీత దాటుతూనే మోకాళ్ళ మీద కూలబడింది. మూడు గంటలు బిగబట్టుకున్నది ఇక ఆగలేదు. నిక్కరు తడిసింది. గీత మీద సున్నం తడిసింది.

సాయంత్రానికి వీడియో వచ్చేసింది. పదకొండు సెకన్లు. కింద ఒక మాట: "పాలు తాగే పిల్లలకు పరుగు పందేలా? ముందు గుడ్డ మార్చండి." అందులో ఆమె గెలిచిన సంగతి లేదు. మూడు గంటల ఎండ లేదు. తాళం లేదు. మీలాంటివాళ్ళూ మాలాంటివాళ్ళూ కొన్నివేలమంది అది చూశారు. నవ్వారు. ఇంకొకరికి పంపారు.

అవతలి కేంద్రం పేజీలో వచ్చింది అది. తీసింది పొడుగుకాళ్ళ పిల్లేనని తెలిసేసరికి గుండక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే తమ కేంద్రం పేజీ నడిపే ఆయన వచ్చాడు. నెత్తిన ఆకుపచ్చ టోపీ, రెండు చేతుల్లో రెండు ఫోన్లు.

"ఊరుకుంటారా? చీమూ నెత్తురూ లేవా మీకు? ఓడిపోయి ఏడుస్తున్న వాళ్ళ పిల్ల ఫోటో నా దగ్గరుంది. మాట నువ్వు చెప్పు, నేను పెడతా" అన్నాడు.

గుండక్క చెప్పింది. ఆ పిల్ల ఎత్తుపళ్ళ మీద, ఒంటి రంగు మీద, అనకూడని మాటే అంది. గంటలో వేలమంది నవ్వారు. ఆమెకు కడుపు చల్లబడినట్టయింది.

ఆ తర్వాత పది రోజులు రెండు హాస్టళ్ళ పిల్లలు ఫోన్లలో ఒకళ్ళనొకళ్ళు పీక్కుతిన్నారు. రూపాన్ని తిట్టుకున్నారు, తల్లుల్ని తిట్టుకున్నారు. గుండక్క బొటనవేళ్ళు నొప్పి పుట్టేదాకా జవాబులు రాసేది. పిచ్చుక కోసమే రాస్తున్నానని అనుకునేది. ఆ పిచ్చుక పక్క మంచం మీదే ఉంది. ఆ పిల్ల ఏం చేస్తోందో మాత్రం చూడలేదు.

పిచ్చుక నీళ్ళు తాగడం మానేసింది.

ఎవరికీ చెప్పలేదు. పరుగుకు ముందు తాగదు, పరుగయ్యాకా తాగదు. గొంతు అంటుకుపోతే ఒక్క గుక్క. మళ్ళీ అలా అయితే? మళ్ళీ ఎవరైనా ఫోనెత్తితే? ఒకసారి గుండక్క సీసా అందించబోతే "వద్దక్కా, దాహంగా లేదు" అంది. పెదాలు బీటలు వారి ఉన్నాయి. గుండక్క ఫోన్లోంచి తలెత్తకుండానే సీసా వెనక్కి పెట్టేసింది.

పదకొండో రోజు మిట్టమధ్యాహ్నం, తొమ్మిదో చుట్టులో పిచ్చుక అడుగులు వంకర్లు పోయాయి. "లైన్లో, లైన్లో!" అని కోచ్ ఈల ఊదాడు. ఆ పిల్ల ట్రాకు దాటి గడ్డిలోకి వెళ్ళి బోర్లా పడింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమటచుక్క లేదు. గుండక్క ఆమెను భుజాన వేసుకుని గేటుదాకా పరిగెత్తింది. కేంద్రానికి ఉన్న ఒక్క కారూ కాంట్రాక్టరు చుట్టాల్ని దింపడానికి పోయింది. ఇంకో బండి దొరికేసరికి అరగంట.

"ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు తాగట్లేదు ఈ పిల్ల?" అనడిగింది డాక్టరమ్మ. కిడ్నీలు రెండూ పోయాయంది. రెండో రోజు పొద్దున పిచ్చుక పోయింది. అదే ఆసుపత్రిలో, కింది గదిలో దుప్పట్లు పిండుతున్న తల్లికి కబురెళ్ళింది. తడిచేతులతోనే మెట్లెక్కి వచ్చింది.

శవాన్ని ఇంకా ఇవ్వలేదు. హాస్టల్ పిల్లలు వరండా గోడకానుకుని నిలబడ్డారు. అప్పుడు పొడుగుకాళ్ళ పిల్ల ఒంటరిగా వచ్చింది. గుండక్క ఒక్క అంగలో వెళ్ళి ఆమె కాలరు పట్టుకుంది.

"ఎందుకొచ్చావే? ఇది కూడా వీడియో తియ్యడానికా?"

"కొట్టక్కా" అంది ఆ పిల్ల. "నేనే తీశాను. ఓడిపోయిన కడుపుమంటలో ఉన్నాను. మా పేజీ ఆయన ఫోను చేతిలో పెట్టి, తియ్యి తియ్యి, నీ పరువు దక్కుతుందన్నాడు. తీశాను. కొట్టు."

గుండక్క లేపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కొట్టబోయిన ఆ మొహాన్నే కదా పన్నెండు రోజుల కింద తను ఊరందరికీ పంచింది!

ఇంతలో ఆకుపచ్చ టోపీ మెట్లెక్కి వచ్చింది. "తల్లి ఎవరమ్మా? ఒక్క నిమిషం ఇటు తిరగాలి. ఏడవండి, పర్లేదు, ఏడవండి."

"ఈయనే మా పేజీ ఆయన" అంది పొడుగుకాళ్ళ పిల్ల.

"మీ పేజీ ఏంటి? మా పేజీ ఆయన" అంది గుండక్క.

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మా దగ్గరికి బుధవారం, శనివారం వస్తాడు."

"మా దగ్గరికి మంగళవారం, శుక్రవారం."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "నాదేముందమ్మా, నేనూ జీతగాణ్ణే. రెండు కేంద్రాలూ కాంట్రాక్టరు సారువే కదా, ఒకటి ఆయన పేరున, ఒకటి బావమరిది పేరున. మీరు తిట్టుకుంటే జనం చూస్తారు, జనం చూస్తే కంపెనీలొస్తాయి. ఈ మాత్రం తెలీదా?"

పొట్టేళ్ళు రెండూ ఒకడివే. కొమ్ములు విరిగేది మాత్రం పొట్టేళ్ళకే.

పిచ్చుక తల్లి ముందుకొచ్చింది. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది. గోడవార నేల తుడిచే బకెట్టు ఉంటే అందులో వేసి, మునిగేదాకా అరచేత్తో నొక్కి పట్టుకుంది. "నా బిడ్డ తడిసింది అందరికీ చూపించావుగా. ఇది కూడా తడవనీ" అంది.

వారం తిరక్కుండానే రెండు పేజీల్లోనూ నల్ల అంచు వేసిన ఫోటో వచ్చింది. "మా కన్నబిడ్డ" అని రాశారు. ఆమె పేరు మీద స్మారక పందేలు పెడుతున్నామనీ, అంతా ప్రత్యక్షంగా చూపిస్తామనీ రాశారు. అవతలి కేంద్రం పేజీలో దాని కిందనే పాత వీడియో అలాగే ఉంది. దాన్ని తీసేయమని గుండక్క మూడుసార్లు అడిగింది. "చూసేవాళ్ళు పెరుగుతున్నప్పుడు తీస్తారా ఎవరైనా?" అన్నారు ఆఫీసులో.

ఆదివారం గుండక్క హాస్టల్ భోజనాల హాల్లో పిల్లలు మీటింగు పెట్టుకున్నారు. అవతలి హాస్టల్ నుంచి పదిమంది నడిచి వచ్చారు. మొదట్లో ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు కూర్చున్నారు. ఇక ఈ తిట్లు ఆపుదామని గుండక్క మొదలుపెట్టింది.

"నువ్వూ పెట్టావుగా అక్కా. ఇప్పుడు మాకు నీతులు చెబుతావా?" అంది బల్లెం విసిరే అమ్మాయి.

"పెట్టాను. ఆ పిల్ల పళ్ళ మీద, రంగు మీద నేనే చెప్పి పెట్టించాను" అంది గుండక్క. లేచి నిలబడి పొడుగుకాళ్ళ పిల్ల వైపు తిరిగింది. "అందరి ముందూ అడుగుతున్నాను, నన్ను క్షమించు. పిచ్చుకనడుగుదామంటే లేదు."

తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. పందెం ఆపేద్దామంది ఒకతె. ఆపితే మనల్ని గెంటేస్తారంది ఇంకొకతె.

"ఒక్క ఏడాది ఓపిక పడితే ఆట మీద ఉద్యోగమొస్తుంది. ఇంట్లో అయిదుగురు నా మీదే పెట్టుకున్నారు ఆశ. పోయిన పిల్ల ఎలాగూ రాదు" అంది బల్లెం పిల్ల. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రేపు నువ్వు పోతే నీ గురించి కూడా ఇదే మాటనుకుంటాం" అంది పొడుగుకాళ్ళ పిల్ల.

గుమ్మంలో గుండక్క తండ్రి నిలబడి ఉన్నాడు. నీ కూతుర్ని అదుపులో పెట్టుకుంటావా, పెట్టె సర్దుకుని తీసుకుపోతావా అని కాంట్రాక్టరు ఫోన్ చేస్తే బస్సెక్కి వచ్చాడు. భుజాన తువ్వాలు తీసి నేల మీద పరుచుకుని కూర్చున్నాడు.

"మావయ్యా, మీరైనా చెప్పండి" అంది బల్లెం పిల్ల.

"నాకు ఆటలు తెలీవు తల్లీ. బస్తాలు తెలుసు" అన్నాడాయన. "ఒక్కడు బస్తా దించితే పొగరంటారు. ఇద్దరు దించితే తాగొచ్చారంటారు. అందరం ఒక్కసారే దించామనుకో, మేడమీది మేనేజరు మెట్లు దిగొస్తాడు. అన్నిసార్లూ దిగడు. రెండుసార్లు దిగలేదు, పస్తులున్నాం. అబద్ధమెందుకు చెప్పాలి మీకు?"

"నన్ను తీసుకుపోవడానికొచ్చావా నాన్నా?"

"అందుకే వచ్చానే. బస్సులో అదే అనుకుంటూ వచ్చాను." పరుచుకున్న తువ్వాలు అంచు సర్దాడు. "ఉండు. ఇప్పుడు తీసుకుపోతే రేపు గోదాములో ఎవడి మొహం చూస్తాను?"

పందేల రోజు మైదానం జెండాలతో నిండింది. పిచ్చుక ఫోటో నిలువెత్తున పెట్టారు. అతిథుల పట్టీలో పేరు లేదని పిచ్చుక తల్లిని గేటు దగ్గరే ఆపేశారు. మరుగుదొడ్లకు మళ్ళీ తాళాలు పడ్డాయి.

మొదటిది ఆడపిల్లల ఐదువేల మీటర్లు. పన్నెండు మంది గీత మీద నిలబడ్డారు. తుపాకీ పేలింది. ఎవరూ కదల్లేదు. తుపాకీ పాడైందేమోనని ఆ పట్టుకున్నవాడు దాని మొహం చూసుకుని మళ్ళీ పేల్చాడు. పన్నెండు మందీ ఆ గీత మీదే కూర్చున్నారు. గుండక్క వచ్చి ఇనపగుండు పక్కన పెట్టుకుని వాళ్ళ ముందు కూర్చుంది. ఒక్కొక్కరే మిగతావాళ్ళూ వచ్చారు.

పొడుగుకాళ్ళ పిల్ల మైకు లాక్కుంది. "పిచ్చుక గెలిచింది. నేను ఓడిపోయాను. ఆ సంగతి దాచిపెట్టి వీడియో తీసింది నేను. పెట్టించింది ఈ సారు. మమ్మల్ని కొట్లాడించి అమ్ముకుంది ఈ సారు. తాళాలు తీయండి. వీడియో తీసేయండి. మా హాస్టళ్ళలోకి కెమెరాలు రావద్దు. ఆ పిల్ల ఎలా చచ్చిపోయిందో రాసి పెట్టండి, అప్పుడు పరిగెత్తుతాం!"

మైకు తీగ పీకేశారు. అప్పటికే ఆ మాటలు ప్రత్యక్ష ప్రసారంలో వెళ్ళిపోయాయి.

కాంట్రాక్టరు వేదిక దిగాడు. "అమ్మా, మీరంతా నా పిల్లలు..."

"సొంత పిల్లలైతే తాళం వేస్తారా సార్?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆయన మొహం మారిపోయింది. "ఇవాళ లేవనివాళ్ళు జన్మలో మళ్ళీ ట్రాకెక్కరు. ఒక్కొక్కరి పేరూ రాయిస్తాను."

బల్లెం పిల్ల లేచింది. అయిపోయింది, ఈ పిల్ల జారిపోయింది అనుకుంది గుండక్క. ఆ పిల్ల వంగి గుండక్క ఇనపగుండు ఎత్తుకుంది. తిన్నగా మరుగుదొడ్ల దగ్గరికి నడిచి వెళ్ళింది. రెండు దెబ్బలకు ఒక తాళం, మూడో దెబ్బకు ఇంకొకటి. జనంలోంచి కేక లేచింది. కోచ్ ఆమెకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. మొహం తిప్పుకున్నాడు, అడ్డం మాత్రం రాలేదు.

పోలీసులొచ్చారు. తాళాలు పగలగొట్టిన గుండు ఎవరిదని అడిగారు.

"నాది" అంది గుండక్క.

ఆమెనూ, మైకు లాక్కున్న పిల్లనూ వ్యానెక్కించారు. మెట్టెక్కుతూ గుండక్క మైదానం వైపు తిరిగి చూసింది. ఎనిమిదేళ్ళ సాధన. ఇక ఏ మైదానంలోనూ తనను అడుగు పెట్టనివ్వరని తెలుసు. పక్కన పొడుగుకాళ్ళ పిల్ల మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడుస్తోంది. గుండక్క ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

గేటు దగ్గర దొర కారు అడ్డం ఉండి వ్యాను ఆగింది. బయట పిచ్చుక తల్లి, ఆమెతో ఆసుపత్రిలో బట్టలుతికే ఆడవాళ్ళు ఇరవైమంది, గోదాము హమాలీలు కొందరు నిలబడి ఉన్నారు. తల్లి వ్యాను ఊచలు పట్టుకుంది.

"ఏమైందే లోపల?"

"ఎవరూ పరిగెత్తలేదత్తా."

లోపల మైకు మళ్ళీ బతికింది. తర్వాతి పందెం అబ్బాయిలదని చెప్పారు. గుండక్క ఊచల దగ్గరికి జరిగింది. అబ్బాయిలను మీటింగుకు పిలవనే లేదు. వాళ్ళు పరిగెత్తుతారు, చప్పట్లు మోగుతాయి, సాయంత్రానికి అంతా మామూలే.

తుపాకీ పేలింది.

ఊచలకు చెవి ఆనించి విన్నది. అడుగుల చప్పుడు లేదు. చప్పట్లు లేవు. మళ్ళీ పేలింది. మూడోసారి పేలింది.

"ఏంటయ్యా, పరిగెత్తట్లేదా?" అన్నాడు ముందు సీట్లో ఇన్‌స్పెక్టరు.

"లేదు సార్. మగపిల్లలు కూడా కూర్చున్నారు" అన్నాడు కానిస్టేబులు కిటికీలోంచి మెడ సాచి.

పిచ్చుక తల్లి ఊచలు వదిలేసింది. కొంగు నడుముకు బిగించి గేటు వైపు తిరిగింది. ఆమె వెనకే ఉతికేవాళ్ళు, వాళ్ళ వెనక హమాలీలు, హమాలీల్లో అందరికన్నా ముందు గుండక్క తండ్రి. కాపలావాడు రెండు చేతులతో పేర్ల పట్టీ ఎత్తి చూపించాడు. ఆ పట్టీలో వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు.

వాళ్ళు ఆగలేదు.