మునెమ్మ వినని గచ్చు

ద్వారకనాథ్ ఊటీలో ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాడు. ఆ చలిలో పడకగదిని ఆనుకునే స్నానాలగది ఉండే సుఖం మరిగాడు. 1958లో తిరుత్తణికి తిరిగొచ్చి మేడ కడుతూ పైఅంతస్తులో తనకూ అలాంటిదే కావాలన్నాడు. అది కాస్తా కింద పూజగది నెత్తిన వచ్చి కూర్చుంది. ఆయన తల్లి వజ్రమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది.

"సామి నెత్తిన మన ఒళ్ళు కడిగిన నీళ్ళా? ఒక్క చుక్క కారినా నేను ఈ ఇంట్లో కాలు పెట్టనురా!"

కోదండరామ మేస్త్రీ అప్పుడు నోరు మూసుకుని ఉండొచ్చు. ఉండలేదు. "చుక్క కారితే ఇంక తాపీ పట్టనమ్మా, మురుగన్ మింద ఆన," అనేశాడు. తిరువళ్ళూరు దాకా అతను వేసిన మిద్దె ఒక్కటీ కారలేదు, ఆ ధీమా. ఆ మాట అన్ననాటికి మునెమ్మ బతికే ఉంది.

మునెమ్మ అతని భార్య. సున్నమూ ఇటుక కంకరా కలిపి పరిచాక, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొడితే గాని గచ్చు బిగియదు. మొదట మెత్తగా పలుకుతుంది. బిగిసేకొద్దీ పలుకు మారుతుంది. సమయానికి ముందే ఆపితే లోపల గుల్ల, దాటాక కూడా కొడితే పగుళ్ళు. ఆ పలుకు మేస్త్రీకి వినపడదు. ఎప్పుడో కొండరాళ్ళు పేల్చే పనికి పోయి చెవులు పాడుచేసుకున్నాడు. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే తెలుస్తుంది, అంతే. అందుకే పన్నెండేళ్ళుగా మునెమ్మ వరుస చివర కూర్చుని విని, సమయం వచ్చినప్పుడు చిన్నగా తల ఊపేది. అతను "చాలు!" అని అరిచేవాడు. చెవి ఆమెది, పేరు అతనిది. మాటలు సరిగా వినపడకపోయినా గచ్చు పలుకు మాత్రం అతనికి అందుతుందనే అందరూ అనుకునేవాళ్ళు; అసలు సంగతి మూడో మనిషికి తెలియదు.

స్నానాలగదికి గచ్చు పరచడానికి నెలముందు మునెమ్మ మూడురోజుల జ్వరంతో పోయింది.

ధనుర్మాసపు చలికి సున్నం నిదానంగా బిగుస్తుంది. ఎన్నాళ్ళు కొట్టించాలో లెక్క దొరకలేదు. గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూశాడు, ఎవరూ లేనప్పుడు చెంప కూడా ఆనించాడు. ఏమీ తెలియలేదు. ఎనిమిదోనాడు గుండె రాయి చేసుకుని "చాలు" అన్నాడు.

తూము మూసి నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు కట్టారు. మూడురోజులు నిలవాలి. ఆ మూడురోజులూ మేస్త్రీకి అన్నం సహించలేదు. పూజగదిలోకి పోయి పైకి చూడటం, బయటికి రావడం, మళ్ళీ పోవడం. మూడోనాటి ఉదయం కప్పు మీద అరచేతి మేర తడి కనబడింది. చూస్తుండగానే అందులోంచి ఒక చుక్క ఊరింది. సామి పటాల మీద పడకుండా అతను పరుగున పోయి దోసిలి పట్టాడు. ఇంకొకటి పడింది. ఇంకొకటి.

వజ్రమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి, అతనికి వినపడేటట్టు అంది: "చెయ్యి తియ్యప్పా. ఎంతసేపని పట్టుకోని ఉంటావు?"

మేస్త్రీ ఆ దోసిలితోనే ఏడ్చాడు.

ద్వారకనాథ్ మదరాసు నుంచి సిమెంటు పనివాళ్ళను పిలిపిస్తానన్నాడు. వజ్రమ్మే అడ్డం పడింది. "పెండ్లాము పోయిన దుఃఖములో చేసినాడురా. ఇంకొక తూరి చేయనీ," అంది. ఆమె జాలి పడినకొద్దీ అతనికి సిగ్గుతో తల వాలిపోయింది. ఆన పెట్టిన నోటితోనే మరో అవకాశం అడుక్కుని తీసుకున్నాడు.

గచ్చంతా పెళ్ళగించి మళ్ళీ పరిచారు. అయిదుగురు ఆడవాళ్ళు పాట పాడుతూ కొడుతున్నారు. ఆరోనాడు, ఏడోనాడు, ఎనిమిదోనాడు. తొమ్మిదోనాటికి వాళ్ళు మాటిమాటికీ తలెత్తి అతని ముఖం చూడటం మొదలుపెట్టారు. పోయినసారిలా గుడ్డిగా అరవడానికి అతనికి నోరు రాలేదు. పరువు పోతే పోయింది, పని నిలిస్తే చాలనుకున్నాడు. వాళ్ళలో పెద్దది అలిమేలమ్మ. ఆమె ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"అలిమేలమ్మా, నాకు చెవులు లేవు. ఇన్నేండ్లూ మునెమ్మే ఇని చెప్పింది. ఆయమ్మ పక్కనే గదా నువ్వు కూర్చుంటా ఉన్నింది. ఇప్పుడు నువ్వే చెప్పాల. బిగిసిందా లేదా?"

పాట ఆగిపోయింది. అలిమేలమ్మ చెక్క ఎత్తి ఒక దెబ్బ కొట్టింది. చెవి వంచి ఇంకొకటి కొట్టింది. పక్కవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు నేల చూశారు.

"మాకేమి తెల్సు మేస్త్రీ?" అంది. "పాట పాడుకుంటా కొడ్తిమి. నువ్వు ఇంటా ఉండావు గదా అని మేము ఎవురమూ ఇనలేదు."