నేల మీద కుండ లేదు

శేషం అంటే ఎవడై ఉంటాడు, పేరు పెట్టుకోడంలోనే తెలుస్తోంది వాడి పొగరు, శేషం అంట, భాగించగా మిగిలినోడు, పదకొండేళ్ళుగా రాస్తున్నాను ఈ బ్లాగు, తర్కం, ఉనికి, జ్ఞానం, ఈ మాటలు వింటేనే జనం పారిపోతారు, పారిపోని నలుగురూ నా పాత విద్యార్థులే, బాగుంది సార్ అని ఒక దండం బొమ్మ పెట్టి పోతారు, వీడొక్కడే రెండు నెలలుగా ప్రతి వ్యాసం కిందకీ వచ్చి, మర్యాదగా, రెండంటే రెండు వాక్యాల్లో నా వాదన నడుం విరగ్గొట్టి పోతున్నాడు, అదీ మధ్యాహ్నం ఒంటిగంటకీ ఒంటిగంటన్నరకీ మధ్య, ఆ టైము చూసే కదా ముందు భీమశంకరరావుని అనుమానించాను, మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాడు, స్టాఫ్ రూములో ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఫోను నొక్కుతుంటాడు, మొన్న వెనకనుంచి వెళ్ళి తొంగిచూస్తే వంజరం చేపల పులుసు వీడియో, ఏటి దయానందం గారూ, లింకు పంపమంటారా అన్నాడు, అది నటన కాదని ఎవరు చెప్పొచ్చారు, ఈ పక్క సీటాయన నా ఫోనులోకి ఎందుకు చూస్తున్నట్టు, ఫోను బోర్లా తిప్పాను, ఆయన కిటికీ వైపు తిరిగాడు, మరీ అంత వెంటనే తిరగడం ఏమిటి, బస్సు జగదాంబ దగ్గర ఆగి కదలదు, ఎండ మోకాళ్ళ మీద పడుతోంది.

కానీ ఆదివారం వ్యాసం కింద వీడు రాసింది భీమశంకరరావు రాయగలిగేది కాదు, నాకు ఒళ్ళు మండింది అక్కడే, వ్యాసంలో నేను చెప్పిందేమిటి, ఒకరు చెప్పగా తెలిసినదానికీ మన చెవులతో మనం విన్నదానికీ తేడా ఉంది అని, ఉదాహరణగా మా నాన్న ఆఖరి మాట ఇచ్చాను, పోర్టులో ముప్ఫయ్యేళ్ళు క్రేను నడిపిన మనిషి, దయా, నిజాన్నొదలకురా అని పోయాడు, ఇది నేను స్వయంగా విన్నాను, దీనికి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు అని రాశాను, రాసేటప్పుడు కళ్ళు చెమర్చాయి కూడా, మర్నాడు ఒంటిగంటా పదికి వీడు, ఆ సమయంలో రచయిత ఆ గదిలో లేరు, లేని మనిషి విన్న మాటని ఏ ప్రమాణం కింద లెక్కెయ్యాలి, అంతే, కింద శేషం.

మూడ్రోజులయింది ముద్ద దిగి, ఎందుకంటే నిజంగానే నేను గదిలో లేను, బయట ఉన్నాను, ఆసుపత్రి గోడ పక్క టీ బండి దగ్గర, చినుకులు పడుతున్నాయి, నాన్న గొంతులో ఆ గురగుర శబ్దం వినలేక వచ్చేశాను, పక్కన జిలానీ బాషా, లోపలికెల్లు బావా అని వాడు రెండుసార్లన్నాడు, ఇది తాగి ఎల్తాను అన్నాను, ఆ గ్లాసు అయిపోయింది, ఇంకొకటి చెప్పాను, ఆ రెండో గ్లాసు నాకు అక్కర్లేదని వాడికీ తెలుసు నాకూ తెలుసు, కాబట్టి లెక్క తేలికే కదా, ఆ వేళ నేను బయట ఉన్నానని ఎవరికి తెలుసు, నాకు, జిలానీకి, దేవుడికి, నేను ఎవరికీ చెప్పలేదు, దేవుడు కామెంట్లు పెట్టడు, ఇద్దర్ని కొట్టేస్తే మిగిలేది ఒక్కడు, ఈ పద్ధతి పిల్లలకి ఏటా బల్ల గుద్ది చెప్తాను, పైగా జిలానీ ఒంటిగంటకే తన బైండింగు షాపు షట్టరు సగం దించి నమాజు చేసుకుని అన్నం తింటాడు, టైము కూడా సరిపోయింది, ముప్ఫయ్యేళ్ళ స్నేహం, నా థీసిస్ బైండింగు చేసింది వాడే, పుస్తకం వీపు మీద బంగారు అక్షరాలు తనే స్వయంగా అద్దాడు, అలాంటివాడు దొంగచాటుగా, పదిమంది చదివేచోట.

ఫోనులో మెసేజి రాసుంచాను, శుక్రవారం మెహక్ నికాకి మేం రాలేం, ఎందుకో నీకు తెలుసు, అని, వాడి కూతురు మెహక్‌ని నా భుజాల మీద ఎక్కించుకుని బీచికి తీసుకెళ్ళినవాణ్ణి నేను, ఆ పెళ్ళికి వెళ్ళకపోతే ఇంక జన్మలో ఆ గుమ్మం తొక్కేది ఉండదు, తెలుసు, తెలిసే రాశాను, పంపడానికి వేలు రాక, మొహం మీదే చెప్దామని సెలవు పెట్టి బయల్దేరాను, పొద్దున్న మా ఆవిడ పుష్పకుమారి జిలానీ గారింటికి గురువారమే వెళ్దామా అంటే వినపడనట్టు ఫోను చూసుకున్నాను, మూడ్రోజులుగా ఏమయింది మీకు అంటే నీకు అర్థం కాదులే అని కసిరాను, నా వంక ఒకసారి చూసి, దిద్దిన లెక్కల పేపర్లు సంచిలో సర్దుకుని కంచరపాలెం స్కూలుకి వెళ్ళిపోయింది, ఆవిడకి ఈ గొడవ ఎందుకు, నా బ్లాగు మొహం చూసిన మనిషి కాదు, ఆవిడ లెక్కలు ఆవిడవి.

పాత పోస్టాఫీసు దగ్గర దిగాను, బైండింగు షాపుల సందు మొదట్లోనే మైదా జిగురూ మైలుతుత్తం కలిసిన వాసన, ఎక్కడో పోర్టులో ఓడ కూత వేసింది, వెధవ, పోయిన నెల వ్యాసం కింద కూడా ఏదో కూశాడు, నేల మీద కుండ లేదు, లేదని ఎలా తెలుసు, లేనిదాన్ని కన్ను ఎలా చూస్తుంది, దాని మీద మనవాళ్ళు వందల ఏళ్ళు వాదించుకున్నారు, లేకపోవడం కూడా తెలిసే విషయమే, నేలని చూస్తున్నవాడికి అది తెలుస్తుంది, అని ఎంతో సులువు చేసి రాస్తే, రాసినాయనకి ఇది అర్థమైందా అని అడిగాడు వీడు, ఇరవై ఆరేళ్ళుగా పాఠం చెప్తున్నవాణ్ణి నన్ను.

జిలానీ నేల మీద కూర్చుని ఏదో ఆఫీసు రిజిస్టరు కుడుతున్నాడు, దారం పళ్ళతో తెంపి, రా బావా, ఏటిలా ఎండన పడి ఒచ్చీసినావ్, ఫోన్ సేత్తే నానే ఒద్దును కదా అని స్టూలు తోశాడు, కూర్చోలేదు, నిలబడే మొదలెట్టాను, బ్లాగు, శేషం, ఒంటిగంట, టీ బండి, రెండో గ్లాసు, నువ్వూ నేనూ తప్ప ఇంకెవరికీ తెలీదు కాబట్టి నువ్వే, నా గొంతు నాకే వింతగా వినిపించింది, ఎదురు షాపాయన తల బయటపెట్టి చూశాడు, జిలానీ మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విన్నాడు, వాడి మొహం మొదట ఎర్రబడింది, తర్వాత జాలిగా అయిపోయింది, ఆ జాలి చూసి నాకింకా మండింది, నాను పుస్తకాలు కుడతాను గానీ సదవను బావా, నీకు తెలీదా, అన్నాడు, నేను నమ్మనని అర్థమయ్యి సూది పక్కన పెట్టాడు.

బయటున్నది నువ్వూ నానూ, సరే. మరి లోపలెవులున్నారు బావా?

స్టూలు మీద కూర్చున్నాను, లోపల, లోపల పుష్ప ఉంది, నాన్న చెయ్యి పట్టుకుని ఇనప మంచం పక్కన పుష్ప ఉంది, నేను బయట ఉన్నానని ఎవరికి తెలుసు అని బయటివాళ్ళనే లెక్కపెట్టాను, గదిలో నేను లేనని గదిలో ఉన్న మనిషికి తెలీదూ, నేలని చూస్తున్నది ఆవిడ కదా, ఇరవై ఆరేళ్ళు పాఠం చెప్పి ఒక్క కుండని లెక్కెయ్యలేకపోయాను, ఒంటిగంటకి స్కూల్లో మధ్యాహ్న భోజనం, రెండు వాక్యాల్లో తేల్చెయ్యడం ఆవిడ అలవాటే, ఇంట్లో అడిగితే నీకు అర్థం కాదులే అంటాను, అక్కడైతే జవాబు రాస్తాను, ఛీ, ఫోను తీసి ఆ మెసేజి చెరిపేశాను, జిలానీ ఏం రాసుందని అడగలేదు, గురువారం ఇద్దరూ పొద్దున్నే ఒచ్చీండి, వంటల కాడ నువ్వుండాల అని మళ్ళీ కుట్టు మొదలెట్టాడు, నాకు వాడి కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

ఆనాడు నాన్న సమాధి దగ్గర పాస్టరు గారు ఆఖరిగా ఏమన్నారయ్యా అని అడిగితే దయా, నిజాన్నొదలకురా అన్నారని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, పుష్ప తలెత్తి చూసి దించేసుకుంది, తర్వాత ఏటేటా జ్ఞాపకార్థ కూటంలో అదే చెప్పాను, చెప్పీ చెప్పీ విన్నట్టే అయిపోయింది, నిజానికి నేను విన్నది ఏమిటి, నాన్న పోయాక టీ బండి దగ్గరకి గొడుగు లేకుండా నడిచొచ్చి ఆవిడ చెప్పిన రెండు మాటలు, మిమ్మల్ని అడిగారు, అంతే కదా, దయా ఏడమ్మా అని నాన్న అడిగాడు, అడిగాక ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా, ఉన్నది ఆవిడ ఒక్కతే, టీ తాగుతున్నాడు మావయ్యా అందో, ఇదిగో మీ పక్కనే ఉన్నాడు అని నా బదులు తన చేత్తోనే ఆయన చెయ్యి నొక్కిందో, నాన్న నమ్మి పోయాడో నమ్మక పోయాడో, పన్నెండేళ్ళు, నాకు తెలీదు, నేను ఆవిణ్ణి ఒక్కసారి కూడా అడగలేదు.