వరుసలో మొదటి బిందె

నేను ఒక సత్తు బిందెను. అడుగున బఠాణీ గింజంత చిల్లి ఉంది. చిల్లి బిందెకు ఆత్మకథ ఏమిటని నవ్వకండి. నీళ్ళు మోసే బిందెలకు కబుర్లు చెప్పే తీరిక ఎక్కడిది? నింపుతారు, ఎత్తుతారు, ఒంపుతారు. ఖాళీగా కూర్చుని లోకాన్ని చూసిందాన్ని నేనే.

ఎక్కడో కార్ఖానాలో గుండ్రటి రేకుగా ఉన్నదాన్ని గిర్రున తిప్పి, నొక్కి, మెడా నడుమూ తీశారు. బిందెకు నడుము దేనికో అప్పుడు అర్థం కాలేదు. ఆడవాళ్ళ నడుము మీద ఆనడానికని తర్వాత తెలిసింది. మొదట ఒక కాఫీ హోటలువాళ్ళు కొని, నా మెడ మీద చుక్కలు చుక్కలుగా 'వరద విలాస్' అని కొట్టించారు. ఆ పేరు ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. హోటలే లేదు. మనుషులు ఉండేది నాలుగు రోజులే అయినా పేరు మాత్రం గట్టిగానే చెక్కించుకుంటారు.

హోటలు మూతపడిన రోజున, అక్కడ గిన్నెలు తోమే వెంగమ్మ చేతికి నన్నిచ్చారు. అప్పటికే ఆమె భర్త పోయాడు. పిల్లలు పుట్టలేదు. చింతలమిట్ట వీధిలో ఒంటిగది ఇల్లు. పన్నెండేళ్ళు నన్ను చంకనెత్తుకుని మోసింది. అడుగు అరిగి చిల్లి పడింది. మాట్లు వేసేవాడు వెలుతురుకెత్తి చూశాడు.

"ఇంక మాటు ఆగదమ్మా. పాతసామాన్లోడికిచ్చెయ్."

"ఇస్తాలే. నిన్ను గూడా అందులో కూర్చోబెట్టి ఇస్తా" అంది వెంగమ్మ.

నీళ్ళకు ప్లాస్టిక్ బిందె కొనుక్కుంది గాని, నన్ను వదల్లేదు. నాకు వేరే ఉద్యోగం ఇచ్చింది.

చింతలమిట్టకంతా ఒకటే వీధి కుళాయి. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళు. వరుసలో మనిషి నిలబడక్కరలేదు, బిందె పెట్టిపోతే మనిషి ఉన్నట్టే. ఖాళీ బిందె లేనివాళ్ళు ఇటుకముక్కో తెగిన చెప్పో పెడతారు. అందరికంటే ముందు నేను. నన్ను పెట్టి వెంగమ్మ పక్కనే రాయి మీద కూర్చునేది. ఒంటి మనిషికి ఒక్క బిందె చాలు. అయినా ఆఖరి చుక్క పడేదాకా లేచేది కాదు. ఏ ఇటుక ఎవరిదో, ఎవరి తర్వాత ఎవరో అంతా ఆమె నోటనే ఉండేది.

"పిన్నమ్మా, ఈ ఇటుక ఎవురిది?"

"తిరపతమ్మది. నీది ఆ పగిలింది. రోజుకో ఇటుక మారిస్తే నేను యాడ గుర్తు పెట్టుకునేదే!"

నా పొట్ట మీది సొట్ట అక్కడిదే. ఇద్దరు తగువులాడుకుంటుంటే మధ్యలో ఉన్న పాపానికి తగిలింది.

నీళ్ళు ఆగాక బిందెలన్నీ ఎవరిళ్ళకు అవి వెళ్ళిపోయేవి. మేమిద్దరం గదిలోకి వచ్చేవాళ్ళం. మర్నాడు నీళ్ళు రాని రోజు. ఆ రోజంతా వెంగమ్మ నోటివెంట మాట వచ్చేది కాదు. కూర్చుని నన్ను తోమేది. చిల్లి బిందెను తళతళలాడేలా తోముకోవడం ఎందుకో మీరే ఆలోచించుకోండి.

ఒక వేసవిలో మునిసిపాలిటీ గుమాస్తా ప్రభుదాసు కుళాయి దగ్గరికే వచ్చాడు.

"ఊరంతా కొత్త పైపులేస్తామమ్మా. ఇంటింటికీ కుళాయి. దానికి మునిసిపాలిటీ బాండ్లు అమ్ముద్ది."

"బాండంటే ఏందయ్యా?"

"డబ్బున్నోళ్ళ కాడ అప్పు దెచ్చి కాయితం రాసియ్యటం. మీ కుళాయి పన్నులోంచి ఇరవై ఏళ్ళు కొంచెం కొంచెం తీరుద్ది. మీరు ఒప్పుకుంటేనే. ఆదివారం బడికాడ ఓట్లు, వీధికో పెట్టె. ఔనన్న వీధికి పైపు."

"మరి ఈ కుళాయి?" వెంగమ్మ అడిగింది.

"పీకేస్తాం. ఇంక దీంతో పనేముంది?"

వెంగమ్మ చెయ్యి నా అంచు మీద ఉంది. అది బిగుసుకుంది.

ఆ వారమంతా ఆడవాళ్ళది ఒకటే మాట. "నువ్వెటంటే అటే పిన్నమ్మా." ఇరవై ఏళ్ళ అప్పా, అని వెంగమ్మ పెదవి విరిచేది. అప్పుకు భయపడుతోందని అందరూ అనుకున్నారు. అప్పు కాదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే బడి గుమ్మం ముందు చింతలమిట్ట వరుస కట్టింది. మనుషులు కాదు. నేను, నా వెనక బిందెలు, ఇటుకలు, చెప్పులు. ఓట్లు వేయించే ఆఫీసరు చూసి నివ్వెరపోయాడు.

"ఏంది ఇవి? ఓట్లు బిందెలేస్తయ్యా?"

"వాళ్ళు పొయ్యికాడుండారు సార్. పిలిస్తే వస్తారు" అని వెంగమ్మ వరుసగా పేర్లు చెప్పుకుపోయింది. అతను జాబితా తీసి ఒక్కొక్క పేరే సరిచూసుకున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. తల ఊపి తలుపు తీయించాడు.

ఆడవాళ్ళు వచ్చి ఎవరి బిందె దగ్గర వాళ్ళు నిలబడ్డారు. నా వెనక బిందె ఎదురింటి కరీమున్‌ది. ఆ పిల్లకు ఏడో నెల.

"ఏమంటావ్ పిన్నమ్మా? నువ్వొద్దంటే వద్దనే వేస్తాం. ఇన్నాళ్ళు మోసినాం, ఇంకా మోస్తాం" అంటూ నడుము మీద చెయ్యి వేసుకుంది. బిందె ఆనే చోటు. చర్మం నల్లబడి కాయకాసి ఉంది. వెంగమ్మకూ అదే చోట అలాంటి కాయే ఉంది. అది నేను పెట్టిందే.

వెంగమ్మ ఆ నడుము వంక చాలాసేపు చూసింది.

"మోసింది చాల్లేవే" అంది. వెనక్కి తిరిగి వీధంతా వినేలా కేకేసింది. "ఔననే వెయ్యండే అందరూ!"

తనే ముందు లోపలికి వెళ్ళింది. వచ్చి నన్నెత్తుకుని ఇల్లు చేరింది. తలుపు వేసి, నన్ను దించి, నా మూతి దగ్గర నోరు పెట్టింది.

"వాళ్ళకి ఔనని చెప్పా. నేను మటుకు కాదనే గుద్దొచ్చానే."

ఆ మాట నా కడుపులో కాసేపు గుండ్రంగా తిరిగింది. నా చిల్లిలోంచి నీళ్ళు కారతాయి గాని మాటలు కారవు.

పెట్టె లెక్కపెట్టారు. మా వీధికి నూట పన్నెండు 'ఔను'. ఒకే ఒక్కటి 'కాదు'. కుళాయి దగ్గర ఒకటే నవ్వులు. "ఎవురే ఆ ఒక్కతీ?"

"ఎవురో దిక్కుమాలింది!" అని అందరికంటే గట్టిగా తిట్టింది వెంగమ్మ.

ఏడాది తిరిగేసరికి పైపులు వచ్చాయి. కుళాయి పీకి గుంతకు సిమెంటు పూశారు. కరీమున్‌కు ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళు ఆడవాళ్ళు గుమ్మంలో ఆగి పలకరించేవారు. తర్వాత తగ్గింది. వాళ్ళ తప్పు లేదు. నీళ్ళు ఇంట్లోకి వచ్చాక వీధిలో పనేముంటుంది?

వెంగమ్మ గదిలోనూ మూలన ఒక కుళాయి ఉంది. నీళ్ళ రోజున ఇప్పటికీ ముందుగానే లేస్తుంది. నన్ను దాని కింద పెట్టి పక్కన కూర్చుంటుంది. నీళ్ళు వస్తాయి. నాలోకి పడి, అడుగు నుంచి సన్నగా తూములోకి పోతాయి. కాసేపు చూసి నన్ను పక్కకు తీస్తుంది.

"ఊఁ, తర్వాత ఎవురే?" అంటుంది.

నా వెనక ఎవరూ ఉండరు. కొంచెం ఆగి, ప్లాస్టిక్ బిందెను తనే ముందుకు జరుపుకుంటుంది.