వంగి దండం పెట్టే రాకాసి

అతిగా మర్యాద చేసేవాణ్ణి నేను నమ్మను. ఉద్యోగమంతా రైళ్లలో టికెట్లు తనిఖీ చేస్తూ గడిపినవాణ్ణి. టికెట్ లేనివాడే అందరికంటే ముందు నమస్కారం పెడతాడు.

దీపక్ సినిమా హాలు గుమ్మంలోనే రెండు చేతులూ జోడించాడు. "వాంగ అంకుల్, వాంగ ఆంటీ," అంటూ అరవంలో ఆహ్వానించాడు. షోళింగనల్లూరులో మా రంజని పనిచేసే ఆఫీసే అతనిదీ. పెళ్లంటూ చేసుకుంటే అతన్నేనని అది పట్టుబట్టింది. "ఒక్కసారి చూడు నాన్నా. చూసినాక నువ్వు వద్దంటే మళ్ళా ఆ మాటెత్తను," అంది. అన్న మాట మీద నిలబడే పిల్ల, నాకు భయమూ అందుకే. ఇంకేదో చెప్పబోతే నేనే ఆపాను.

"వాణ్ణి గురించి నువ్వేం చెప్పొద్దు. నేనే కనిపెడతా."

పిల్లవాణ్ణి చూడటానికి జపాన్ సినిమా ఏమిటో! నుంగంబాక్కంలో చిన్న హాలు, ఆదివారం మధ్యాహ్నం, ఏదో ఫిల్మ్ క్లబ్బు వాళ్లు వేస్తున్నారు. అతనికి ఇలాంటివంటే పిచ్చట. హోటల్లో ఎదురుగా కూర్చుంటే బండారం బయటపడుతుందని చీకట్లో కూర్చోబెట్టాడనుకున్నాను. నాకు ఒక పక్క మా ఆవిడ పుష్పవల్లి, ఇంకో పక్క దీపక్, అతనికి అవతల రంజని.

తెరమీద సముద్రంలోంచి కొండంత రాకాసి లేచింది. అంతా రబ్బరు తొడుగే, వీపున జిప్పు కూడా కనబడింది. అది ఎవరినీ తినదు. ఊరి నడుమ నిలబడి, చెప్పకుండా వచ్చినందుకు క్షమించమని నడుం వంచి దండం పెడుతుంది. ఆ తల తగిలి పోస్టాఫీసు కూలిపోతుంది. అయ్యో, తప్పయిపోయిందని మళ్లీ వంగుతుంది. ఈసారి బడి పోతుంది. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. ఇంత మర్యాద దేనికి, చివర్లో ఏదో చేస్తుంది చూడు అనుకున్నాను.

బయటివాళ్ల ముందు మాలో మేము మాట్లాడుకోవాలంటే మాకు తెలుగే చాటు. సౌకార్‌పేటలో చీరల బేరమైనా, ఆసుపత్రిలో డాక్టరు ఎదుటైనా అంతే. తాతల నాటి నుంచి అరవదేశంలో ఉన్నవాళ్లం, అలా వచ్చిన అలవాటు. గొంతు తగ్గించే పని కూడా ఉండదు.

"వీడి వాలకం చూస్తివా?" అన్నాను పుష్పవల్లితో. "నీళ్ల బాటిల్ మూత తీసి మరీ ఇస్తాండాడు. ఏందో దాస్తాండాడు."

"పావం, బాగానే ఉండాడు గదండీ," అంది. "ఆ చొక్కానే, కిటికీ కర్టెన్ మాదిరి ఉండాది."

దీపక్ కిసుక్కున నవ్వాడు. అప్పుడు తెరమీద ఒట్టి సముద్రం తప్ప ఏమీ లేదు.

"చూడు, ఊరికే సుమ్మా నవ్వతాండాడు. బుర్రలో ఏదో తేడా ఉండాది."

అవతల రంజని దగ్గింది. నేను నోరు తెరిచినప్పుడల్లా అదే దగ్గు. ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారని నాకు రూఢి అయిపోయింది.

సినిమా ముగింపుకొచ్చింది. ఊరివాళ్లు బతిమాలి రాకాసిని సముద్రంలోకి సాగనంపారు. పోతూ పోతూ అది వెనక్కి తిరిగి తన భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. కింద సబ్‌టైటిల్ వేయలేదు. ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు, మాకూ కాలేదు. హాలంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేక పుష్పవల్లి వైపు తిరిగాను.

"అది కాదే పుష్పా," అన్నాను. "పిల్లోడు మంచోడే కావచ్చు. ఆ ఇంటికి పోతే రంజనికి ఇంక అరవమే గదా. ఇప్పటికే సగం అరవంలోనే మాట్లాడతాది. రేపు దాని బిడ్డకు నేను కథ చెప్తే అర్థమవతాదా? మన మాట మనతోనే పోతాదే. నాకదే భయం."

ఈసారి రంజని దగ్గలేదు. దీపక్ నవ్వలేదు.

లైట్లు వెలిగాయి. రంజని కళ్లార్పకుండా నన్నే చూస్తోంది. వద్దనే చెప్పాలని నిశ్చయించుకుని లేచాను. మెట్ల దగ్గర దీపక్ పుష్పవల్లికి చెయ్యి అందించాడు.

"ఈడ మెట్టు ఇరిగి ఉండాదాంటీ. చూసి దిగండి."

అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉంది. చొక్కా, బుర్ర, ఆఖరికి నా భయం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నీకు తెలుగొచ్చా?"

"మాధవరంలో మా ఇంట్లో అంతా ఇదే అంకుల్. మా అవ్వకు అరవమే సరిగ్గా రాదు."

"నేను చెప్పబోతే నువ్వే గదా నాన్నా వద్దంటివి," అంది రంజని.

"నువ్వైనా చెప్పలేదేందబ్బాయ్?"

"మీరు అడగలేదు గదా అంకుల్. ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకుంటా ఉంటిరి. మధ్యలో అడ్డమొస్తే మర్యాద గాదని..." నసుగుతూ క్షమించమన్నట్టు నడుం వంచబోయాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ టికెట్ అడగకుండా ఎవరినీ రైలు దింపలేదు నేను. ఇవాళ దింపేసేవాణ్ణే.

"వంగబాకురా నాయనా," అన్నాను అతని భుజం పట్టుకుని. "మీ అవ్వ ఎప్పుడు ఇంట్లో ఉంటాదో చెప్పు. మేమే వస్తాం."