ఇరవై నాలుగు పూసల వరస

మాట పడిపోయి మంచాన ఉన్న ఆఖరి రోజుల్లో అమ్మమ్మ తన వస్తువులు సైగలతోనే పంచిపెట్టింది. కుట్టుమిషను చిన్నకూతురికి, గోడగడియారం కొడుక్కి. పెద్దకూతురి చేతిలో మాత్రం మెడకి మూడు చుట్లు తిరిగే గాజుపూసల దండ ఒకటి పెట్టి గుప్పిట మూసింది. నీలం పూసలు, తెల్ల పూసలు ఓ వరసా పాడూ లేకుండా గుచ్చేసి ఉన్నాయి. అక్కడక్కడా ఓ పసుపు పూస. ఇరవయ్యేళ్లుగా ఇంట్లో దాని పేరు తప్పుల దండ.

దారం పీచులు తేలేసరికి ఆ పెద్దకూతురు దాన్ని తన కూతురు బుజ్జమ్మకి ఇచ్చేసింది.

"నువ్వైనా సరిగ్గా గుచ్చించుకుని వేసుకోవే. మా చెల్లికి మిషనొచ్చింది, తమ్ముడికి గడియారమొచ్చింది, నాకు మాత్రం తప్పులొచ్చాయి" అంది నవ్వుతూనే.

బుజ్జమ్మ స్వెట్టర్లు అల్లే కార్ఖానాలో పదమూడేళ్లుగా పనిచేస్తోంది. పొద్దున్న పనికి వెళ్తూ దండని నగలు బాగుచేసే షాపులో ఇచ్చింది. షాపాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, సూది మొనతో పూసలు లెక్కపెట్టాడు.

"పసుపు పూసకీ పసుపు పూసకీ మధ్య సరిగ్గా ఇరవై నాలుగున్నాయమ్మా. లెక్క బాగానే ఉంది, రంగులే కుదరలేదు. ఒకటి నీలం, ఒకటి తెలుపు గుచ్చేయనా?"

"అలాగే కానివ్వండి బాబాయ్."

కార్ఖానాలో ఆ రోజు ఆమెకి కొత్త డిజైను అట్టకి చిల్లులు కొట్టే పని. మిషను ఆ అట్టని చూసుకునే అల్లుతుంది. ధ్యాస ఎక్కడుందో ఏమో, ఓ వరసలో చిల్లు తప్పు కొట్టింది. పని చూసే మాస్టారు అట్టని వెలుతురుకేసి పట్టుకుని చిర్రుబుర్రులాడాడు.

"వరసకి ఇరవై నాలుగు గళ్లు. చిల్లు ఉన్నచోట రంగు దారం, లేనిచోట తెల్లదారం. ఇన్నేళ్లయ్యాక కూడా నీకు చెప్పాలా తల్లీ?"

బుజ్జమ్మ చేతిలోని పంచ్ టేబుల్ మీద పడింది. ఇరవై నాలుగు! అమ్మమ్మ పెళ్లికి ముందు ఏం పని చేసేదని అడిగితే, "అట్టలకి చిల్లులు పెట్టేదాన్ని" అని పకపకా నవ్వేది. అందరూ అది హాస్యమే అనుకున్నారు.

షాపుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. గబగబా చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అని కేకేశాడు మాస్టారు.

"మా అమ్మమ్మ చేతిరాత దొరికింది మాస్టారూ!"

షాపు దాకా రెండు వీధులూ ఎలా దాటిందో ఆమెకే తెలీదు. షాపులోకి అడుగు పెడుతూనే "ఆపండి బాబాయ్!" అని అరిచింది. లోపలున్న ఇద్దరు ఆడవాళ్లు హడలిపోయి తమ సంచులు పట్టుకున్నారు. షాపాయన చేతిలో కత్తెర. దండ ఒక కొస అప్పటికే తెగింది. మొదటి పసుపు పూస దాకా దూసేసి, నీలం పూసలు ఒక గిన్నెలో, తెల్లవి ఇంకో గిన్నెలో వేశాడు.

"ఒక్క వరసే దూశానమ్మా, ఏమైంది?"

"కదపకండి. మీ దగ్గర గళ్ల కాగితం ఉందా?"

ఆయన మిగిలిన పూసల రంగులు వరసగా చదువుతుంటే ఆమె గళ్లు నింపింది. నీలమైతే నలుపు, తెలుపైతే ఖాళీ, పసుపు పూస రాగానే కింది వరస. నాలుగు వరసలయ్యేసరికి ఆయన కూడా కాగితం మీదికి వంగాడు. ఎనిమిదయ్యేసరికి సంచుల ఆడవాళ్లిద్దరూ భుజం మీదుగా తొంగిచూస్తున్నారు. పదిహేనో వరస పూర్తయ్యాక నలుగురూ ఒక్కసారే ఊపిరి వదిలారు. కాగితం మీద గుండ్రటి తెలుగు అక్షరాలు రెండు!

"నాది!" అన్నాడు షాపాయన.

"కాదు, నీది" అంది ఒకావిడ.

ఇద్దరి మాటా కాదనడానికి లేదు. రెండో అక్షరం గుడి పైన మూతపడకపోయినా అది 'ది' అనే సంగతి స్పష్టంగానే ఉంది. మొదటిది 'న'. దాని మీద రెండు గీతలు పైకి లేచి అక్కడే ఆగిపోయాయి. అవి పైన కలిసి గుడి కట్టి 'నీ' అయ్యాయో, విడిగానే ఉండిపోయి 'నా' అయ్యాయో చెప్పాల్సింది ఆ తెగిపోయిన మొదటి వరస.

బుజ్జమ్మ అమ్మకి ఫోన్ చేసి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది.

"నాది అనే అయ్యుంటుందిలేవే" అంది అమ్మ. "ఇచ్చేటప్పుడు కూడా నా గుప్పిట వదల్లేదు."

"లైన్లోనే ఉండమ్మా!"

బుజ్జమ్మ చూపు గిన్నెల మీద పడింది. వరస చెదిరినా లెక్క ఎక్కడికి పోతుంది? 'ది' మీది గుడి మూయడానికి మూడు గళ్లు చాలు. 'న' మీద కూడా గుడి ఉంటే ఇంకో మూడు కావాలి.

"బాబాయ్, ఈ గిన్నెల్లో ముందు ఏమైనా ఉన్నాయా?"

"పొద్దున్నే తుడిచిన గిన్నెలమ్మా. ఒట్టు!"

నీలం పూసల గిన్నెని అరచేతిలోకి వంచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు.

"నాలుగు!" అని గావుకేక పెట్టాడు షాపాయన.

అయిదు. ఆరు.

"అమ్మా, నీది! నీది అని రాసిందమ్మా!"

"ఏమందీ?"

"అది నీదేనట!"

ఫోన్లో ఏదో స్టీలు గిన్నె కింద పడ్డ చప్పుడు. వెనకే అమ్మ నవ్వో ఏడుపో తెలియని గొంతు: "దాన్ని ఎవ్వరినీ ముట్టుకోనివ్వకు. ఆటో ఎక్కి వచ్చేస్తున్నా. ఏ షాపన్నావ్?"

షాపాయన కొత్త దారం తీసి మైనం రాశాడు. ఆరు నీలం పూసలూ ఏ గళ్లలోకి రావాలో బుజ్జమ్మ కాగితం మీద గుర్తు పెట్టింది. ఆయన సూదితో ఒక్కొక్కటే ఎక్కిస్తుంటే, కొనడానికి వచ్చిన సంగతి మరిచిపోయిన ఆడవాళ్లిద్దరూ పైకే లెక్కపెట్టసాగారు.