ఊరగాయ జాడీలో చారల చేప

చేపలొచ్చిన మూడో రోజు పొద్దున సుందర్‌రాజు లేచి చూసేసరికి గాజుతొట్టిలో ఒక చేప తేలి ఉంది.

పసుపు వీపు మీద నల్లచారలున్న ఐదు చేపల్లో అదే అన్నిటికన్నా చిన్నది. నిన్న సాయంత్రం గాజుకు మూతి ఆనించి, బయట ఏముందో చూస్తున్నట్టు నిలబడింది. ఇప్పుడు పక్కకు ఒరిగిపోయి, నోరు తెరుచుకుని, నీళ్ల మీద ఊగుతోంది. అతను గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. హన్నా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చప్పుడు కాకుండా చెయ్యి ముంచి చేపను తీశాడు. పాత పేపరు ముక్కలో చుట్టి, దొడ్లో అరటిచెట్టు మొదట్లో బెత్తెడు గొయ్యి తవ్వి పూడ్చేశాడు. చేతులు కడుక్కుని లోపలికొచ్చాడు.

పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీలో సుందర్‌రాజు వెల్డరు. నర్సింహమ్మ అనే ముసలామె ఇంట్లో వెనక భాగం కిరాయికి తీసుకుని ఉంటున్నారు మొగుడూ పెళ్లాలు. కిందటి వానాకాలం చివర సంగారెడ్డి ఆసుపత్రిలో హన్నాకు మగపిల్లవాడు పుట్టాడు. ఒక్కరోజు బతికాడు. అప్పటికే హన్నాకు ఒళ్లు తెలియని జ్వరం. "పిలగాన్ని హన్నా చూస్తే బతకది, జల్దీ తీస్కపోండ్రి" అని తన అన్నతోనూ చర్చి అయ్యగారితోనూ చెప్పింది సుందర్‌రాజే. నాలుగో రోజు ఆమెకు తెలివి వచ్చింది. "పిలగాడేడి?" అని ఒక్కసారి అడిగింది. "దేవుడు తీస్కపోయిండు" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ తర్వాత హన్నా మాటలు ఒక్కొక్కటే రాలిపోయాయి. వండమంటే వండేది. తల దువ్వుకోమంటే దువ్వుకునేది. వాళ్లమ్మ వచ్చి రెండు నెలలుండి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. డాక్టరు బలానికి మందు రాసిచ్చాడు. సీసాలు ఖాళీ అయ్యాయి గాని ఆమె నోట మాట రాలేదు.

జనవరిలో ఒక ఆదివారం ఆమెను బలవంతంగా హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు తీసుకుపోయాడు. రంగుల రాట్నాలు, గాజుల దుకాణాలు, జనం, దేనివైపూ ఆమె తలెత్తలేదు. ఒక స్టాల్లో మాత్రం పెద్ద గాజుతొట్టి ముందు ఆగిపోయింది. అందులో సముద్రపు చేపలు తిరుగుతున్నాయి. గంటసేపు నిలబడింది. చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు, "సూడు, ఊపిరి తీస్తున్నది" అంది.

నాలుగు నెలల్లో ఎవరూ అడగకుండా ఆమె అన్న మొదటి మాట అది. వరదలో కొట్టుకుపోయేవాడు కొమ్మను పట్టుకున్నట్టు సుందర్‌రాజు ఆ మాటను పట్టుకున్నాడు. స్టాలు మనిషి దగ్గరికి పోయి, ఇంట్లో ఇలాంటిది చిన్నది పెట్టుకోవాలంటే ఎట్లా అని అడిగాడు. రద్దీలో ఉన్న అతను మూడు ముక్కలు చెప్పాడు. నీళ్లు సముద్రానివే కావాలి. గాలి ఆగకూడదు. తిండి తక్కువ వెయ్యాలి. సుందర్‌రాజు వాటిని బైబిలు వాక్యం కంఠస్థం చేసినట్టు చేశాడు. నాలుగోది అడగాలని అతనికి తోచలేదు.

ఫోర్‌మన్‌ను బతిమాలి ఇనుప తుక్కులోంచి నాలుగు ముక్కలు తెచ్చుకుని చట్రం వెల్డింగ్ చేశాడు. అద్దాలు బిగించి లప్పం పెట్టాడు. రెండుసార్లు కారింది, రెండుసార్లు విప్పి మళ్లీ పెట్టాడు. మంజీర ఇసుక బస్తాడు తెచ్చి దొడ్లో పోస్తే, ఎవరూ చెప్పకుండానే హన్నా వచ్చి కూర్చుని కడిగింది. ఏడు నీళ్లు పోసి కడిగింది. అది చూసి సుందర్‌రాజు బాయిగడ్డ వెనక్కి పోయి ఏడ్చాడు.

గాలికోసం మోటారు ట్యూబొకటి సంపాదించాడు. సైకిల్ పంపుతో దాన్ని నింపి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం తగిలించి, నొక్కుడు బిళ్లతో కాస్త వదిలితే బుడగలు ఒక్కొక్కటే పైకి వచ్చేవి. కర్దనూర్ వాడైన లారీ డ్రైవరు పెద్దరాములు విశాఖపట్నం పోయి వస్తూ నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్లు తెచ్చాడు. రాళ్ల మడుగుల్లో జాలరి పిల్లలు పట్టిచ్చిన ఏడు చేపలను కుండలో వేసుకుని, దారిపొడుగునా క్లీనరు చేత నీళ్లు చిలికించాడు. ఐదు బతికి వచ్చాయి. ఆ రోజే తొట్టిలో ఇసుక, నాలుగు రాళ్లు వేసి, రెండు క్యాన్ల నీళ్లు పోసి, ఐదింటినీ వదిలేశారు. హన్నా పీట తెచ్చుకుని తొట్టి ముందు కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడిపోయినా లేవలేదు.

ఇప్పుడు నాలుగే ఉన్నాయి. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె తొట్టిలోకి తేరిపార చూస్తోంది.

"చిన్నది రాళ్ల ఎనక దాక్కున్నట్టుంది" అన్నాడు, అడగకముందే.

ఆమె పీట ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

ఐదో రోజు ఇంకొకటి పోయింది. దాన్నీ అరటిచెట్టు మొదట్లోనే పూడ్చాడు. నీళ్లు కడుగునీళ్లలా తెల్లబారాయి. చట్రం మూలల్లోంచి తుప్పు ఎర్రగా కారి గాజు మీద చారలు కట్టింది. మార్చి ఎండకు రోజూ వేలెడు నీళ్లు తగ్గుతున్నాయి, అంచున ఉప్పు పేరుకుంటోంది. తగ్గినప్పుడల్లా మిగిలిన క్యాన్లలోంచి సముద్రపు నీళ్లే పోశాడు. ఒక క్యాను అయిపోయింది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే, గాలి చాలడం లేదనుకుని పంపు కొట్టాడు. భుజాలు పడిపోయేదాకా కొట్టాడు. 'ప్రభువా, నేను వెల్డరును, నాకు ఇనుము తప్ప ఏం తెలుసు? ఈ మూడింటిని బతికించు. ఇవి పోతే హన్నా నాకు దక్కది' అని పంపు కొడుతూనే ప్రార్థించాడు.

ఏడో రోజు సాయంత్రం చెంబుతో మళ్లీ సముద్రపు నీళ్లు పోయబోతుంటే వెనక నుంచి హన్నా గొంతు వినిపించింది.

"పులుసు ఇగిరితే ఉప్పు గూడ ఇగురుతదా?"

అతను చెంబు కింద పెట్టాడు.

"ఉప్పు ఆడనే ఉంటది. తగ్గింది మంచినీళ్లు. మంచినీళ్లే పొయ్యాలె" అంది.

నిజమే. చిన్న పిల్లకు కూడా తెలిసే సంగతి. ఇన్నాళ్లూ చేపలను ఊరగాయ పెట్టినట్టు ఉప్పులో పెడుతున్నాడు తను. సిగ్గుపడాలో సంతోషపడాలో తెలియలేదు. బావి నీళ్లు తెచ్చి పోశాడు. ఆమె మాట్లాడింది, ఇక గట్టెక్కినట్టే అనుకున్నాడు. తెల్లారి లేచేసరికి మూడో చేప ఇసుక మీద పడి ఉంది.

దాన్ని పూడ్చి, డ్యూటీకి నాగా పెట్టి హైదరాబాదు బస్సెక్కాడు. ఎగ్జిబిషన్ ఎప్పుడో ఎత్తేశారు. వాళ్లనీ వీళ్లనీ అడిగి చార్మినార్ దగ్గర పిట్టలు, చేపలు అమ్మే సందు పట్టుకున్నాడు. నలుగురు దుకాణందారులు సముద్రపు చేపలంటే నవ్వి పంపేశారు. ఐదో దుకాణంలో గడ్డం నెరిసిన సాయిబు మాత్రం అంతా విన్నాడు.

"నీళ్లు పోసి ఎన్ని దినాలైంది?"

"ఎనిమిది."

"చేపలెప్పుడు ఏసినవ్?"

"గదే దినం."

సాయిబు నుదురు కొట్టుకున్నాడు. "నీళ్లు కచ్చా ఉన్నయ్ బేటా. చేప తింటది, ఆ నీళ్లల్లనే దొడ్డికి పోతది. అది కొత్త నీళ్లకు అరగదు, జహర్, విషం అయితది. నెల దినాలు ఉత్త ఇసుక, ఉత్త నీళ్లు ఉంచాలె. నీళ్లు పక్వానికి రావాలె. అప్పుడు ఒక్కటే చేప. ఐదు గాదు. తొట్టి దేంతోని చేసినవ్?"

"ఇనుముతోని."

"ఉప్పు నీళ్లల్ల ఇనుమా?" ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "ఇంటికి పో. ఉన్నవాటిని తీసి పింగాణి జాడీల వెయ్యి. మంచి సముద్రం నీళ్లు దినాం కొన్ని మార్చు. తిండి బంద్ చెయ్యి."

"బతుకుతయా సాబ్?"

"నువ్వు చేసేది నువ్వు చెయ్యి" అన్నాడాయన. అంతకన్నా మాట ఇవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేసరికి తొట్టి ముందు పీట ఖాళీగా ఉంది. దొడ్లోకి పోయాడు. నర్సింహమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవార నిలబడి ఉంది. హన్నా అరటిచెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉంది, చేతులు మోచేతుల దాకా మట్టి. బట్టలుతికే బండ మీద మూడు చేపలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన తడిసిన పేపరు ముక్కలు.

"నేను వద్దన్న బిడ్డా. ఇంటలేదు. చేతులతోనే తోడింది" అంది నర్సింహమ్మ.

హన్నా తలెత్తింది. "రాళ్ల ఎనక దాక్కున్నయా?"

అతను బండ మీది చేపలవైపు చూశాడు.

"చచ్చిన చేపను గూడ నాకు సూపియ్యవా? నాకు లెక్క రాదనుకున్నవా? ఐదు, నాలుగు, మూడు... రోజు సూస్తనే ఉన్న. ఇయ్యాలన్న చెప్తవా అని సూస్తనే ఉన్న."

"నువ్వు తట్టుకోవని..."

"తట్టుకుంటనో లేదో నీకెట్ల తెలుసు?" ఆమె మట్టి చేత్తో నేల మీద కొట్టింది. "కన్నది నేను. నా కొడుకు మొఖం ఎట్లుండెనో నాకు తెల్వదు. నీకు తెలుసు. మీ అన్నకు తెలుసు. అయ్యగారికి తెలుసు. ఊరందరికి తెలుసు, నాకు తెల్వదు! ఆరు నెలల సంది నీ మొఖమే సూస్తున్న, ఒక్కనాడన్న నోరిప్పుతవని. నాకు మాట రాలేదనుకున్నవ్. నీకు రాలేదు మాట!"

సుందర్‌రాజు మట్టిలో కూలబడ్డాడు. ఆమెను కాపాడుతున్నాననుకుంటూ ఇన్నాళ్లూ తనే ఆమె గొంతు మీద కాలు పెట్టి నిలబడ్డాడా? ఎక్కడో లోపలి నుంచి ఒక్కొక్క మాటే లాగాడు.

"నుదురు నీదే. జుట్టు మస్తుగుండె. ఎడమ చెవి పైన జెర మడతవడి ఉండె. ఒక్కసారే ఏడ్సిండు, సన్నగ. నేను ఏలు పెడితే పట్టుకున్నడు."

"గట్టిగనా?"

"గట్టిగనే."

"ఏం బట్టల సుట్టిన్రు?"

"నీ పచ్చచీర. కొంగు సింపిన."

హన్నా రెండు చేతులతో మొహం కప్పుకుంది. నుదుటి మీద మట్టి అంటింది. ఆమె నోట వచ్చింది ఏడుపో ఏమో, నర్సింహమ్మ తర్వాత చెప్పినప్పుడు 'ఆవు ఈనేటప్పుడు అరిచినట్టు' అంది. ఇద్దరూ అట్లా ఎంతసేపున్నారో వాళ్లకు తెలియదు. చివరికి నర్సింహమ్మే దగ్గరికొచ్చి, "లోపల రెండు జీవాలు ఇంక కొట్టుకుంటున్నయి. ఏం జేస్తరో జెయ్యిండ్రి" అంది.

సుందర్‌రాజు సాయిబు చెప్పిందంతా చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు, తన ఇనుప చట్రం సంగతి కూడా. నర్సింహమ్మ తన పెద్ద ఊరగాయ జాడీ తెచ్చిచ్చింది. పాత తొక్కు అయిపోయి ఖాళీగానే ఉంది. హన్నా బూడిద పెట్టి తోమి, వేడినీళ్లతో కడిగి, వాసన చూసి, మళ్లీ తోమింది. ఆఖరి క్యానులోంచి సగం నీళ్లు పోసి, గాలి గొట్టం అందులోకి మార్చి, రెండు చేపలనూ దోసిట్లో పట్టి వదిలారు.

"రేపు నన్ను వాని దగ్గరికి తీస్కపో" అంది హన్నా.

మర్నాడు సంగారెడ్డి బస్సు దిగి సమాధుల తోటకు నడిచారు. లోపలికి పోయాక సుందర్‌రాజుకు ఎక్కడ పెట్టారో తెలియలేదు. పూడ్చిన రోజు వాన పడుతోంది, అతను తల ఎత్తలేదు. రాయి లేదు, సిలువ లేదు. వానలకు మట్టి కుంగి, గడ్డి మొలిచి, ఎండి, చిన్న చిన్న దిబ్బలన్నీ ఒకేలా ఉన్నాయి. అటు పరుగెత్తాడు, ఇటు పరుగెత్తాడు. "దొరకలే హన్నా" అన్నాడు. ఆ మాట చెప్పడం చావుకన్నా కష్టమైంది. అయినా చెప్పాడు.

"అడుగుదాం" అంది ఆమె.

తోటను చూసుకునే సొలొమోను తాత గుడిసెలోంచి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "వానలు వడ్డప్పటి పసిగుడ్డా? పచ్చబట్ట? నేనే తవ్విన" అని నేరుగా తూర్పు గోడ దగ్గరికి తీసుకుపోయాడు. హన్నా అక్కడ కూర్చుంది. గడ్డి పీకింది. దిబ్బ పొడుగును జానలతో కొలిచింది, రెండున్నర జానలు. సాయంత్రం బస్సు వేళ దాకా కదల్లేదు. అతను పక్కనే కూర్చున్నాడు. ఓదార్చబోలేదు.

ఇంటికొచ్చేసరికి జాడీలో ఒక చేప చచ్చిపోయి ఉంది.

సుందర్‌రాజు ఈసారి చెయ్యి పెట్టలేదు. "హన్నా, ఇంకోటి పోయింది" అన్నాడు. ఆమె వచ్చి తనే తీసింది. అరచేతిలో పెట్టుకుని దీపం దగ్గర చాలాసేపు చూసింది. మొప్పలు ఎత్తి చూసింది, చారలు లెక్కపెట్టింది. తనే తీసుకుపోయి పూడ్చి వచ్చింది.

మిగిలిన ఒక్కటీ రేపో మాపో అన్నట్టే ఉంది. నాలుగు రోజులు జాడీ అడుగున పక్కకు వాలి, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉంది. రోజూ రెండు చెంబుల నీళ్లు తీసి, రెండు చెంబుల సముద్రం పోశారు. అతను డ్యూటీలో ఉన్నప్పుడు పంపు ఆమె కొట్టేది. తిండి వెయ్యాలని చెయ్యి లాగినా వెయ్యలేదు. ఐదో రోజుకు క్యాను అడుగంటింది. ఇద్దరూ ఖాళీ క్యానును తలకిందులు చేసి ఆఖరి చుక్క దాకా వంచారు. ఇంకేం చెయ్యాలో ఇద్దరికీ తెలియదు. ఆ రోజు మధ్యాహ్నం చేప జాడీ అడుగు నుంచి లేచి, సగం ఎత్తుకు వచ్చి నిలబడింది.

ఏడో రోజు పెద్దరాములు లారీ వచ్చింది. ఆరు క్యాన్ల సముద్రపు నీళ్లు దింపి, చెమట తుడుచుకుంటూ, "చెల్లె, చేపలు అయిపోయినయట గదా. వచ్చే ట్రిప్పుల ఇంక పది వట్టుకొస్త, పరేషాన్ గాకు" అన్నాడు.

"వద్దన్నా" అంది హన్నా. "చేపలు తేకు. నీళ్లు తే. ఆ జాలరి పిల్లలు ఏ మడుగుల పట్టిన్రో, ఏ రాయి కింద పట్టిన్రో అడిగి రా. దీనికి అలవాటైన ఆ రాయి గూడ ఒకటి తే."

పెద్దరాములు తెల్లబోయి సుందర్‌రాజు వైపు చూశాడు. ఈమె ఇన్ని మాటలు మాట్లాడగా అతను ఎన్నడూ వినలేదు. సుందర్‌రాజు అప్పటికే ఒక క్యాను మూత తిప్పుతున్నాడు.