మలై డబల్ బంద్

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి, బోధన్ శక్కర్‌నగర్‌లోని తన ఇంట్లో, పోశన్న కళ్లకు తువ్వాల కట్టుకుని రెండు శాండ్‌విచ్‌లు రుచి చూశాడు. కోడలు చేసినదాన్ని శాండ్‌విచ్ బండి మన్సూర్ చేసినదన్నాడు. మన్సూర్ చేసినదాన్ని కోడలు చేసినదన్నాడు. ఆ మాట అనేటప్పుడు మన్సూర్ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

పోశన్నకు అరవై మూడేళ్లు. షుగర్ ఫ్యాక్టరీలో పాకం కాచే చోట ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎకరన్నరలో పసుపు వేస్తున్నాడు. రేటు చూసొస్తానని ప్రతి శనివారం నిజామాబాద్ బస్సు ఎక్కేవాడు. ఈ ఏడాది పంట మార్చిలో అమ్మారు. రేటు చూడటం జూన్ చివరిదాకా సాగింది.

జూన్ చివరి ఆదివారం ఆయన భార్య రేణుకమ్మ చొక్కా ఉతుకుతూ జేబు కింద మరక చూసింది.

“గిదేంది?”

“సున్నం.”

“సున్నం ఎల్లిపాయ వాసనొస్తదా?”

పోశన్న ఒప్పుకున్నాడు. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర మన్సూర్ బండి ఉంది. ఆ బండి మీద మలై డబల్ అనే శాండ్‌విచ్ దొరుకుతుంది. మూడు బ్రెడ్ ముక్కలు, ప్రతి ముక్కకూ రెండు వైపులా వెన్న, రెండు చెంచాల వెల్లుల్లి మయోనైజ్, ఒక చెంచా మలై, చికెన్, రెండు చీజ్ ముక్కలు. కాల్చేటప్పుడు పెనం మీద మళ్లీ వెన్న. పోశన్న దాన్ని రెండేళ్లుగా తింటున్నాడు. మే నెలలో డాక్టర్ రిపోర్టు చూసి, కొలెస్ట్రాల్ ఎక్కువుందని, షుగర్ బార్డర్‌లో ఉందని చెప్పాడు. వెన్న, మలై మానమన్నాడు. ఆ తర్వాత కూడా తిన్నాడు.

“బార్డర్ల ఉన్నదన్నడు, దాటిందనలే గదా,” అన్నాడు పోశన్న. “మనం గూడ మహారాష్ట్ర బార్డర్లనే ఉన్నం. మరాఠోళ్లమైనమా?”

“నేను దాటొచ్చిన మామా,” అంది కోడలు త్రివేణి. ఆమె పుట్టిల్లు సరిహద్దు అవతల, బిలోలిలో.

రేణుకమ్మ నవ్వలేదు. రిపోర్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది. “శదువు. నీ గుండెకాయ గురించి రాసిండ్రు, నా గురించి గాదు.”

పోశన్న చదవలేదు. “ఇంట్ల గసొంటిది చేసి పెడితే నేనెందుకు పోత? చెయ్యుండ్రి మరి.”

“నేను చేస్త మామా,” అంది త్రివేణి. “వెన్న లేకుంట, మలై లేకుంట, లైట్‌గ. నీకు తేడా తెల్వది.”

“లైట్‌గనా? ఇది లైట్ దీస్కునే ముచ్చట గాదు బిడ్డా. తేడా తెల్వకపోతే నా పేరు పోశన్నే గాదు.”

“పేరొద్దు,” అంది రేణుకమ్మ. “శనివారం పెట్టు.”

షరతులు వాళ్ల కొడుకు భూమేష్ క్యాలెండర్ వెనక రాశాడు. కళ్లకు గుడ్డ కట్టాలి. ఏది ఎవరిదో బాపు సరిగ్గా చెబితే శనివారం గురించి ఇంట్లో ఎవరూ అడగరాదు. తప్పు చెబితే ‘శనివారం మలై డబల్ బంద్’. పోశన్న సంతకం పెట్టాడు. సాక్షిగా రేణుకమ్మ పెట్టింది. పరీక్ష వచ్చే ఆదివారం.

త్రివేణి మయోనైజ్, మలై స్థానంలో చక్కా వాడాలనుకుంది. పెరుగును గుడ్డలో కట్టి, నీళ్లన్నీ కారేదాకా వేలాడదీస్తే మిగిలే ముద్దను బిలోలిలో చక్కా అంటారు. వెన్న తీసిన పాల పెరుగుతో చేస్తే కొవ్వు ఉండదు, చిక్కదనం ఉంటుంది. అందులో వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు కలిపి బ్రెడ్‌కు రాయాలి. చికెన్ ఉడకబెట్టి పీచుగా తీయాలి. చీజ్ బదులు కీర ముక్కలు. గోధుమ బ్రెడ్. పెనం మీద వెన్న లేదు. నూనెలో ముంచిన ఉల్లిగడ్డ ముక్కతో ఒకసారి తుడవడమే.

శనివారం పోశన్న నిజామాబాద్ పోలేదు. త్రివేణి సాయంత్రం పెరుగు మూట వంటింటి కుళాయికి కట్టింది. ఆదివారం పదింటికి విప్పి, చక్కాను స్టీల్ డబ్బాలో పెట్టి, డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి తలస్నానానికి వెళ్లింది. భూమేష్ అప్పటికే మోటార్ సైకిల్ మీద నిజామాబాద్ బయలుదేరాడు. పోశన్న వంటింట్లోకి రాకుండా చూసే పని రేణుకమ్మది. ఆమె ముందు గదిలో గుమ్మానికి అడ్డంగా కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మంచినీళ్లకోసం ఒక్కసారి లేచింది. ఆ లేచింది పదీ ఇరవైకి.

ఆదివారం త్రివేణికి ఒక్కపొద్దు. వంట చేస్తుంది, నోట్లో పెట్టదు. ఉప్పు చేతి అందాజుతో వేసింది.

ఒంటిగంటా ఇరవైకి భూమేష్ వచ్చాడు. వెనక సీటు మీద మన్సూర్ కూడా వచ్చాడు. ఆదివారాలు ఆయన బండి సాయంత్రమే తీస్తాడు. పరీక్ష సంగతి విని, మలై డబల్ ఇంట్లోనే చేసి, పొట్లం ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. ఆయన వచ్చినట్టు పోశన్నకు చెప్పలేదు. అప్పటికే కళ్లకు తువ్వాల కట్టి ఉంది. రెండు శాండ్‌విచ్‌లనూ ఒకే పెనం మీద వేడి చేశారు.

భూమేష్ మొదట మన్సూర్‌ది అందించాడు. పోశన్న నమిలాడు.

“మంచిగనే ఉన్నది బిడ్డా. కష్టపడ్డవ్. కని జరంత సప్పగున్నది.”

మన్సూర్ లేవబోయాడు. భూమేష్ ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

రెండోది త్రివేణిది. పోశన్న ఒక ముక్క కొరికాడు. నమలడం ఆపాడు. మళ్లీ నమిలాడు. రెండో ముక్క ఎవరూ అడగకముందే కొరికాడు.

“ఇగో, గిది. మన్సూర్ చెయ్యి. గిట్ల ఇంట్ల ఎవలు చెయ్యరు. చెయ్యనియ్యరు. ఇంక ఉన్నదా?”

“పక్కానా బాపు?” అన్నాడు భూమేష్.

“రాస్కో.”

రేణుకమ్మ తువ్వాల విప్పింది. పోశన్న ఎదురుగా మన్సూర్‌ను చూశాడు.

“రెండేండ్ల సంది నా చేతిది తింటున్నవ్ అన్నా,” అన్నాడు మన్సూర్. “సప్పగనా?”

“నువ్వెప్పుడొచ్చినవ్?”

“నువ్వు సప్పగ అనకముందే.”

త్రివేణి చేసినదాంట్లో మిగిలిన ముక్క మన్సూర్ తీసుకున్నాడు. కొరికి, పైకప్పు వైపు చూసి, మింగాడు.

“అమ్మా, దీంట్ల శక్కరేసినవా?”

“లేదు భాయ్. ఉప్పు, మిరియాలు, ఎల్లిపాయ. అంతే.”

“శక్కరున్నది.”

“నేనేసిన,” అంది రేణుకమ్మ. అందరూ ఆమె వైపు తిరిగారు. “డబ్బాల చక్కా ఉన్నది. మూడేండ్ల సంది ఈ పిల్ల చక్కా కట్టిందంటే శ్రీఖండ్ తీపికే. పరేషాన్ల శక్కర మర్శిపోయింది పాపమని నాలుగు చెంచాలేసిన. యాలక్కాయలు దొర్కలే. దొర్కితే గవి గూడ ఏస్తుంటి.”

త్రివేణి నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. “అత్తమ్మా, చికెన్‌ల శ్రీఖండ్ పెట్టినమా మామకు!”

పోశన్న తువ్వాల నేలకేసి కొట్టాడు. “ఇది చెల్లది. దగా. బార్డర్ల ఉన్న మనిషికి శక్కర వెడ్తరా?”

“ఇంక ఉన్నదా అని అడిగిందెవలు?” అంది రేణుకమ్మ.

“రెండు నెలలైంది ఇంట్ల తీపి ముట్టక. నాలిక ఏం జేస్తది?”

“నాలికె గదా సంతకం వెట్టింది.”

“సంతకం చెయ్యి వెట్టింది. నాలిక గాదు.”

తీర్పు మన్సూర్‌ను చెప్పమన్నారు. పోశన్న ఒప్పుకున్నాడు. ఆ మనిషి తన గిరాకీని పోగొట్టుకోడని ఆయన లెక్క. మన్సూర్ క్యాలెండర్ తెప్పించుకుని, వెనక్కి తిప్పి, రెండుసార్లు చదివాడు. శక్కర గురించి అందులో లేదు.

“ఓడినవ్ అన్నా.”

పోశన్న కుర్చీలో వెనక్కి వాలాడు.

“కని దీంట్ల ఏం రాసిండ్రు? శనివారం మలై డబల్ బంద్. శనివారం బంద్ అని రాయలే. నిజామాబాద్ బంద్ అని రాయలే. మన్సూర్ బండి బంద్ అని గూడ రాయలే.”

భూమేష్ కాగితం తీసుకుని చూశాడు. అలాగే ఉంది. రాసింది కొడుకే కాబట్టి రేణుకమ్మ అతని వైపు చూసింది.

“గట్లయితే గక్కడికి పోయి ఏం తింటడు?” అంది.

మన్సూర్ త్రివేణిని పెరుగు ఎన్ని గంటలు కట్టాలని అడిగాడు. రాత్రంతా అంది. గుడ్డ పలచని మల్లుదా, మందం కాటన్‌దా అని అడిగాడు. మల్లు అంది. ఉల్లిగడ్డ ముక్కతో పెనం తుడవడం చూపించమన్నాడు. చూపించింది. శక్కర వేయొద్దని త్రివేణి, రేణుకమ్మ ఎదుటే రెండుసార్లు చెప్పింది. మూడింటికి భూమేష్ మన్సూర్‌ను బస్టాండులో దించాడు.

తర్వాతి శనివారం సాయంత్రం నాలుగున్నరకు పోశన్న కంఠేశ్వర్‌లో బస్సు దిగాడు. మన్సూర్ పెనం మీద ఉల్లిగడ్డ ముక్క రుద్దాడు. వెన్న డబ్బా మూత తీయలేదు. గోధుమ బ్రెడ్‌కు చక్కా రాశాడు.

“శక్కరేసినవా?” అన్నాడు పోశన్న.

“లేదు.”

“జరంతనన్న?”

“కోడలుకు ఫోన్ చెయ్యాల్నా?”

పోశన్న తిన్నాడు. ఐదూ పదికి రేణుకమ్మ మన్సూర్‌కు ఫోన్ చేసి ఏం తిన్నాడని అడిగింది. త్రివేణి చెప్పినట్టు చేసిందే తిన్నాడని మన్సూర్ చెప్పాడు. ఎన్ని అని అడిగింది. ఒకటి అన్నాడు. తిన్నవి రెండు.